చూడి గుర్రానికి వేసిన బందం

దయ్యం, గాలి, సోకు అంటే నేను ఏనాడూ నమ్మలేదు. మా గల్లీలో ఎవరికన్నా పూనకం వచ్చి ఊగుతుంటే మిగతావాళ్లు నిమ్మకాయలకు ఉరికేవాళ్లు. నేను పోయి రెండు చెంపదెబ్బలు వేసి కూర్చోబెట్టేదాన్ని. చాలామందికి ఆ రెండు దెబ్బలతోనే దిగిపోయేది. అందుకే నాకు మొండిది అని పేరు.

ఇప్పుడు చెప్పబోయేది కూడా ఇంకెవరన్నా చెబితే నేను నమ్మేదాన్ని కాదు.

నాకు సంతకం చేయడం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లెలి బిడ్డ రాస్తున్నది. నా తప్పు వచ్చిన చోట మెత్తగా రాయొద్దని దానికి ముందే చెప్పాను.

నా పేరు పోశవ్వ. ఊరు బాన్సువాడ. కాలువ గట్టు దిక్కు పోతే అన్నిటికంటే చివరి ఇల్లు మాది. మా ఆయన గంగారాం పెళ్లిళ్లకు గుర్రాన్ని కిరాయికి తోలేవాడు. బరాత్‌లో పెళ్లికొడుకు ఎక్కే తెల్లగుర్రం. ఆడ గుర్రం, పేరు మోతి. పిల్లగా ఉన్నప్పుడే మహారాష్ట్రలో ఒక జాతరలో కొని, అక్కడి నుంచి నడిపించుకుంటూ తెచ్చాడు. దారంతా దాని గిట్టలు చూసుకుంటూ వచ్చాడట. నన్ను కాపురానికి తెచ్చినప్పుడు కూడా అంత జాగ్రత్తగా తేలేదు.

ఆయనది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు మా అత్త చేతి మీద వాత పెట్టి, అన్నం తినడం కుడిచేతికి మార్పించింది కానీ పనిచేసే చెయ్యి మారలేదు. తాడు ముడి వేస్తే అందరి ముడి ఒక దిక్కు తిరిగితే ఆయన ముడి ఇంకో దిక్కు తిరిగేది. పదిమంది కలిసి పందిరి వేసినా, ఇందులో గంగారాం కట్టింది ఏదంటే నేను కళ్లు మూసుకొని తడిమి చెప్పగలను. ఇరవై రెండేళ్లు ఆ ముళ్లు విప్పుకుంటూ బతికినదాన్ని.

రెండేళ్ల కింద ఎండాకాలంలో, నస్రుల్లాబాద్ దగ్గర ఒక పెళ్లి ఊరేగింపు అయిపోయాక, పొద్దున మోతిని నడిపించుకొని వస్తున్నాడు. వెనక నుంచి వడ్ల లారీ హారన్ కొట్టింది. గుర్రం బెదిరింది. తాడు చేతికి చుట్టుకోవద్దని పదిమందికి చెప్పే మనిషి, ఆ పొద్దు నిద్రమత్తులో తానే చుట్టుకున్నాడు. అది ఆయన్ను గట్టు మీద ఈడ్చుకుపోయింది. దవాఖానకు చేర్చేలోపే ప్రాణం పోయింది.

మోతికి గీత కూడా పడలేదు. సాయంత్రం తనంతట తానే తాడు ఈడ్చుకుంటూ ఇంటికి వచ్చి, దాణా తొట్టి దగ్గర నిలబడింది. ఇంట్లో శవం ఉంది. దానికి ఆకలి వేస్తుంది.

ఆ రోజు నుంచి అది నాకు గుర్రం కాదు. నా తాళి తెంపిన జంతువు.

అమ్మేద్దామంటే మా మరిది సాయిలు ఒప్పుకోలేదు. పెళ్లిళ్లకు తాను తోలుతానన్నాడు. పెంట తీసేది నేను, నీళ్లు పెట్టేది నేను, గడ్డి వేసేది నేను. కానీ దాని మెడలో పూలదండ పడి, నెత్తి మీద కుచ్చు పెట్టగానే సాయిలు నా దిక్కు తిరిగేవాడు.

"వదినె, జెర ఇంట్లకు పో. లగ్గం గుర్రం ఎల్లుతుంటే ఎదురుంగ నిలవడకు. పిల్లగానోళ్లు సూస్తే మళ్ల పిలువరు."

నేను తలుపు వెనక్కి పోయి నిలబడేదాన్ని. దాని గజ్జెల చప్పుడు దూరమయ్యేదాకా బయటికి రాకూడదు. మొగుణ్ని ఈడ్చి చంపింది శుభం, ఆ మొగుడు పోయిన నేను అశుభం. ఇది నాకు నెత్తికెక్కింది.

ఇగ కోపం ఎవరి మీద చూపాలి? సాయిలు మీద చూపలేను. దాని మీద చూపాను. శనగలు బంద్ చేశాను. ఉలవలు బంద్ చేశాను. ఒట్టి వరిగడ్డి వేసేదాన్ని. దగ్గరికి వచ్చి మూతి పెడితే చీపురుకట్టతో మూతి మీద కొట్టేదాన్ని. అది ఎదురుతిరిగేది కాదు. అదొకటి ఇంకా మంట.

అంత చేసినా దాని కడుపు తగ్గలేదు. వానాకాలం పోయాక చూస్తే ఇంకా పెరిగింది.

మా పక్కన నర్సవ్వ ఉంటుంది. ముసలామె. నాలుగు బర్రెలు పెట్టుకొని పాలు పోస్తుంది. చుట్టుపక్కల ఏ బర్రె ఈనినా ఆమెను పిలవాల్సిందే. ఒక పొద్దున మోతి చల్లని నీళ్లు తాగి నిలబడితే, డొక్క దగ్గర లోపలి నుంచి ఏదో తన్నినట్టు చర్మం ఎగిరింది. నర్సవ్వ చూసింది.

"ఓ పోశీ! నీ గుర్రం చూడిదే."

"ఎట్లయితది అత్తా? దీనికి మొగ గుర్రం యాడున్నది?"

"నాకేమెర్క? నేను మాత్రం కట్టియ్యలే."

సాయిలును అడిగితే అప్పుడు నసిగాడు. ఆ ఏడు హోళీకి ముందు మా ఆయన దాన్ని మూడు రోజులు దెగ్లూర్ దిక్కు మగ గుర్రం దగ్గరికి తీసుకుపోయాడట. నాతో మాత్రం లాడాలు కొట్టించాలని చెప్పాడు. పిల్ల పుట్టే దాకా నాకు చెప్పొద్దని అన్నాడట తమ్ముడితో. "వదినెకు దిష్టి ఉన్నదనా?" అని సాయిలు అడిగితే, "కాదురా, దానికి బాధయితది" అన్నాడట.

నాకు పిల్లలు లేరు. మూడుసార్లు కడుపు నిలబడి మూడుసార్లు పోయింది. అందుకని దాచాడు. ఆ మాట విన్నాక నేను జాలిపడాలి. పడలేదు. నా కడుపు గురించి గుర్రపు కొట్టంలో తమ్ముడితో మాట్లాడాడే అని ఒళ్లు మండింది.

పశువుల డాక్టరు వచ్చి చెయ్యి పెట్టి చూసి, ఎనిమిదో నెల అన్నాడు. గుర్రానికి పదకొండు నెలలు మోయాలట.

"పదకొండా?" అన్నది నర్సవ్వ. "మనిషికి తొమ్మిది, బర్రెకు పది, దీనికి పదకొండా? గొప్పోళ్ల కడుపు గట్లనే ఉంటది తియ్యి."

డాక్టరు నవ్వలేదు. నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. "అక్కా, ఇది బర్రె కాదు. బర్రె పొద్దాక నొప్పులు పడ్డా ఫికర్ లేదు. గుర్రం గట్ల కాదు. ఉమ్మనీరు పోయినంక అరగంటల పిల్ల బయట పడాలె. పొర పలగకుంటే మీరే చింపాలె. ఇప్పటి సంది పెళ్లిళ్లకు తోలొద్దు. దాణా మంచిగ వెట్టుండ్రి. కొట్టంల విడిగ ఉంచుండ్రి, కట్టెయ్యొద్దు. దినాలు దగ్గరవడితే పొదుగు సండ్ల కొనకు మైనం లెక్క కడుతది. అది కనవడ్డదంటే ఒకటి రెండు దినాలల్ల ఈనుతది. నాకు ఫోన్ జెయ్యుండ్రి."

నేను అన్నిటికీ తల ఊపాను. సాయిలు పెళ్లిళ్లకు తోలడం మానేశాడు. ఇగ ఆ కొట్టం పెత్తనం అంతా నాదే అయింది.

యాసంగి నాట్లు మొదలయ్యాయి. నిజాంసాగర్ నీళ్లు వదిలారు. నేను రోజూ పొద్దున క్యాంపు వాళ్ల, అంటే ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల పొలాల్లో నాట్లకు పోయి సాయంత్రం వచ్చేదాన్ని. పోయే ముందు మోతి ముందరికాళ్లకు బందం వేసేదాన్ని. అంటే రెండు కాళ్లను కలిపి తాడుతో కట్టి, మధ్యలో జానెడు సందు వదలడం. మెడ తాడు గుంజకు పొట్టిగా కట్టేదాన్ని.

"చూడిదానికి బందమేందే?" అని నర్సవ్వ అడిగితే, గోడ దూకుతుందని చెప్పాను. అబద్ధం. ఆ కడుపుతో అది గడప కూడా దూకదు. నాకు మొగుడు పోయినప్పటి నుంచి అటు పోకు, ఇటు రాకు అని నా ముందరికాళ్లకు బందమే కదా. అది మాత్రం నిండు కడుపుతో కొట్టమంతా తిరుగుతుంటే చూడలేకపోయాను. ఇదీ నిజం.

ఇక్కడి నుంచి జరిగింది నాకు అర్థం కాదు.

మొదటిరోజు సాయంత్రం వచ్చేసరికి బందం లేదు. తాడు మడిచి గోడ గూట్లో పెట్టి ఉంది. మెడ తాడు పొడుగు చేసి, నీడ పడే దిక్కు గుంజకు మార్చి కట్టి ఉంది. సాయిలు వచ్చాడేమో అనుకున్నాను. రెండోరోజు కూడా అంతే. అడిగితే సాయిలు రెండు రోజులూ వర్ని దిక్కు పోయానన్నాడు. నర్సవ్వ, "నేను కొట్టంల అడుగు వెడితే అది నన్ను తంతది" అన్నది. అది నిజమే. మోతి ఆమెను దగ్గరికి రానీయదు.

మూడోరోజు నేను ముడి చూశాను. మెడ తాడు గుంజకు కట్టిన ముడి. కుడిచేతి వాళ్లు వేసే దిక్కు కాదు, ఇంకో దిక్కు తిరిగి ఉంది.

నాకు భయం వేయలేదు. ఎవడో నాతో ఆడుకుంటున్నాడు అనుకున్నాను. కొట్టం చుట్టూ మనిషెత్తు గోడ ఉంది, రేకు తలుపు ఉంది. పెద్ద తాళం కొన్నాను. దానికి వచ్చిన రెండు చెవుల్లో ఒకటి కాలువలో పారేశాను, ఒకటి మొలతాడుకు కట్టుకున్నాను. సాయంత్రం వస్తే తాళం వేసింది వేసినట్టే ఉంది. లోపల బందం విప్పి ఉంది. ముడి అదే దిక్కు. దాని కాళ్లకు ఆముదం రాసి ఉంది. మా ఇంట్లో ఆముదం సీసా అడుగంటి నెలలైంది.

ఐదోరోజు నేను చేసింది చెప్పడానికి నోరు రావడం లేదు. అయినా చెబుతాను. తాడు మానేసి, సెంట్రింగ్ పనివాళ్లు చువ్వలకు కట్టే ఇనుప వైరు తెచ్చి, దానితో బందం వేశాను. పక్కడు, అదే పటకారు, పెట్టి మెలిపెట్టాను. పక్కడు సంచిలో వేసుకొని నాతోపాటే పొలానికి తీసుకుపోయాను. చేత్తో విప్పడం మనిషి వల్ల కాదు. నెలలు నిండుతున్నందుకేమో, దాని కాళ్లు అప్పటికే వాచి ఉన్నాయి. వైరు లోపలికి దిగింది. అది నా తల మీద ఊపిరి వదులుతూ కదలకుండా నిలబడింది.

సాయంత్రం వచ్చేసరికి ఆ వైరు గూట్లో ఉంది. ఎక్కడా తెగలేదు. మెలిక అంతా తీసి, మూరెడు పొడుగున సాపుగా చేసి పెట్టి ఉంది.

అప్పుడు నమ్మాను. దయ్యాన్ని నమ్మానో లేదో గానీ, ఆయనే అని మాత్రం నమ్మాను. ఇంకెవరయినా భయపడతారు, ఏడుస్తారు, దండం పెడతారు. నాకు వచ్చింది ఈర్ష్య. కొట్టం మధ్యలో నిలబడి నోటికి వచ్చినట్టు తిట్టాను. నర్సవ్వ గోడ అవతల నుంచి విన్నది.

"సచ్చి గూడ దాని కాళ్ల కాడికే వస్తున్నవా? ఇరవై రెండేండ్లు నీకు బువ్వ వెట్టిన. ఇయ్యాల నేను తిన్ననా పన్ననా అని ఒక్కనాడన్న నా గడపల నిలవడ్డవా? నిన్ను సంపినదానికి కాళ్లు వత్తుతున్నవ్. థూ! పో. మళ్ల నా ఇంట్లకు రాకు!"

మరుసటి రోజు సాయంత్రం తాళం తీసి చూశాను. నేను వేసిన బందం నేను వేసినట్టే ఉంది. ఆ తర్వాత రోజూ అంతే. మోతి పొద్దున నిలబెట్టిన చోటే నిలబడి ఉంది.

గెలిచాననుకున్నాను. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

వైరు మళ్లీ వాడలేదు కానీ, తాడు తడిపి కట్టడం మొదలుపెట్టాను. తడిపిన నారతాడు ఎండేకొద్దీ బిగుసుకుంటుంది. వారం రోజులు అట్లా నడిచింది. ఎవరూ రాలేదు. మోతి మాత్రం మధ్యాహ్నం అయితే తలుపు దిక్కు చెవులు నిక్కబొడిచి చూస్తుండేదని నర్సవ్వ చెప్పేది. ఎదురుచూసి ఎదురుచూసి తల దించుకునేదట.

హోళీ నుంచి లెక్కవేస్తే దినాలు దగ్గరపడ్డాయి. ఒక పొద్దున నర్సవ్వను గోడ పక్కన బండ మీద నిలబెట్టి చూపించాను. సండ్ల కొనకు ఏదో పసుపుపచ్చగా బెల్లం పాకం చుక్కలా అంటుకొని ఉంది. డాక్టరు మైనం అన్నాడు కానీ, నేను కొవ్వొత్తి మైనంలా తెల్లగా ఉంటుందేమో అనుకున్నాను. గడ్డి మీద పండుకుంటే మురికి అంటిందనుకున్నాను.

నర్సవ్వ బర్రెను చూసినట్టు చూసింది. "పొదుగు ఇంక దిగలే. తోక మొదట్ల గుంత వడలే. గడ్డి మంచిగ తింటున్నది. నాల్గు దినాలు వడుతది, నువ్వు నాటుకు పో బిడ్డా."

ఈనే రోజు బర్రె గడ్డి ముట్టదు. మోతి గడ్డి తింటున్నది. మాకు తెలిసింది అదే. బందం బిగించి, తాళం వేసి పోయాను.

ఇంటికి, పొలానికి మధ్య కిలోమీటరు ఉంటుంది. నాకు ఫోన్ లేదు. నాతో నాటు వేసే లస్మికి ఉంది. ఎండ ఎక్కాక లస్మి ఫోన్ మోగింది. నర్సవ్వ.

"గుర్రం కింద వడ్డది. నీళ్లు వోయినయ్. పోశిని ఉరికిరమ్మను. తాళమేసి పోయిందే ముండ!"

డాక్టరుకు ఫోన్ చేయమని లస్మికి చెప్పి నేను ఉరికాను. చెప్పులు కూడా వేసుకోలేదు. అరగంట అన్న మాట ఒక్కటే చెవిలో ఉంది. నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు దాని మీద కోపం లేదు. అది యాది కూడా రాలేదు. పిల్ల బయటికి వస్తే పొర చింపాలి, అంతే. మూడుసార్లు నా కడుపు పోయినప్పుడు చూసిన నెత్తురు కళ్ల ముందు ఆడింది.

కాలువ గట్టు ఎక్కి రెండొందల అడుగులు పోయి ఉంటాను. రెండు చీలమండలు ఒక్కసారి పట్టేశాయి. ముందుకు బోర్లా పడ్డాను.

చీర కాళ్లకు చుట్టుకుందేమో అని చూశాను. నాట్లకు పోయేవాళ్లం చీర మోకాళ్ల పైకి దోపుకుంటాం. కాళ్ల మీద ఎండిన బురద తప్ప ఏమీ లేదు. లేచి నిలబడ్డాను. ఒక కాలు ముందుకు వేస్తే రెండోది దానితోపాటే వస్తున్నది. మధ్యలో జానెడు సందు. అంతకంటే ఒక్క వేలు కూడా ఎడం కావడం లేదు. నొప్పి నరాల నొప్పి కాదు. బయటి నుంచి ఏదో కోసుకుపోతున్నట్టు, నార పీచు గుచ్చుకుంటున్నట్టు.

సిగ్గు విడిచి చెబుతున్నాను. నేను కూర్చొని ముడి కోసం వెతికాను. ఏమీ లేని చోట, ఒట్టి చర్మం మీద, గోళ్లతో విప్పబోయాను.

అరిచాను. కాలువ నిండుగా పారుతున్నది, ఆ చప్పుడులో నా గొంతు నాకే వినబడలేదు. ఇగ లేచి గెంతాను. రెండు కాళ్లు కలిపి గెంతడం, పడడం, మళ్లీ లేవడం. మోకాళ్లు చెక్కుకుపోయాయి. ఎంతసేపో తెలియదు. ఎంత గెంతినా ఇంటి దిక్కు తుమ్మచెట్టు అంత దూరంలోనే కనబడుతున్నది.

డాక్టరుకు ఫోన్ చేసి, చేతిలో ఉన్న నాటు ముగించుకొని వెనక నుంచి లస్మి వచ్చింది. నా చెప్పులు, టిఫిన్ గిన్నె పట్టుకొని.

"ఏందే ఆ గెంతుడు? ఈడ నీ పెండ్లి బరాత్ నడుస్తున్నదా?" అని నవ్వింది. దగ్గరికి వచ్చి నా కాళ్లు చూసి నవ్వు ఆపేసింది. చీలమండల మీద చుట్టూ ఎర్రగా రెండు పేటల తాడు మెలిక అచ్చు దిగి ఉంది. "ఎవడు కట్టేసిండే నిన్ను?" అన్నది. రెండు చేతులతో నా కాళ్లు పట్టుకొని విడదీయబోయింది. లస్మి వడ్ల బస్తా ఒక్కతే ఎత్తే మనిషి. విడదీయలేకపోయింది.

"తాళంచెవన్న ఇయ్యి, నేను ఉరుకుత" అన్నది. మొలతాడు దగ్గర చెయ్యి పెట్టాను.

అప్పుడే వదిలేసింది. ఎట్లా పట్టుకుందో అట్లాగే. కాళ్లు రెండూ రెండు దిక్కులకు పోయి వెల్లకిలా పడ్డాను.

లస్మి ఫోన్‌లో చూస్తే, నర్సవ్వ ఫోన్ చేసి నలభై నిమిషాలు దాటింది.

కొట్టం దగ్గరికి పోయేసరికి నర్సవ్వ గోడ పట్టుకొని బండ మీదే నిలబడి ఉంది. సొట్టలు పడ్డ తాళం కింద ఒక రాయి ఉంది. ఆమె చేతులు నెత్తురు. ఆ రాయితో తాళం కొట్టి కొట్టి, గోడ ఎక్కబోయి ఎక్కలేక, బండ మీది నుంచి అంతా చూసింది. నన్ను తిట్టలేదు. "లేవాలని సూసింది బిడ్డా. మూడుసార్లు లేసి వడ్డది" అన్నది అంతే.

తాళం తీసి చూస్తే పిల్ల పూర్తిగా బయటపడి ఉంది. పొర చిరగలేదు. తెల్లని సన్నని పొరలో చుట్టుకొని, తల్లి వెనకకాళ్ల దగ్గర ఉంది. కాళ్లు విడిగా ఉంటే మోతి లేచి, వెనక్కి తిరిగి, పళ్లతో పొర చింపి నాకేది. ముందరికాళ్లకు బందం, మెడకు పొట్టి తాడు. మెడ తిప్పగలిగినంత తిప్పి, నాలుక చాపి ఉంది. నాలుకకు, పిల్లకు మధ్య మూరెడు కూడా లేదు.

పొరలో పిల్ల చాలాసేపు తన్నుకుందట. తర్వాత మెల్లగా తన్నిందట. నర్సవ్వ నాతో ఇంతవరకే చెప్పింది.

నేను పొర చింపాను. ముక్కులో వేలు పెట్టి తీశాను, నోరు పెట్టి ఊదాను, గడ్డితో రుద్దాను. వెచ్చగా ఉంది. తెల్లగుర్రానికి బొగ్గులా నల్లని పిల్ల. పెరిగేకొద్దీ తెల్లబడేదట, డాక్టరు చెప్పాడు. గిట్టల కింద లేత కొబ్బరి లాంటి మెత్తని ముక్కలు ఉన్నాయి. తల్లి కడుపు గీసుకుపోకుండా పుట్టేటప్పుడు అట్లా ఉంటాయట. ఒక్క అడుగు వేసినా రాలిపోతాయట. వాటికి మట్టి కూడా అంటలేదు.

బందం తాడు ఎండి ఉక్కులా అయింది. నేను వేసిన ముడి నాకే విప్పరాలేదు. కొడవలితో కోశాను. మోతి లేచి, నన్ను పక్కకు నెట్టి, పిల్లను నాకడం మొదలుపెట్టింది. సాయంత్రం దాకా నాకింది. మూతితో లేపింది. నీళ్లు పెడితే తాగలేదు. పాలు కారి కారి నేల తడిసింది.

డాక్టరు వచ్చి, మాయ మొత్తం పడిందో లేదో నేల మీద పరిచి చూశాడు. తల్లికి ఏమీ కాదన్నాడు. పిల్లలో కూడా ఏ లోపమూ లేదన్నాడు. "నెలలు నిండిన పిల్ల. ముక్కు మీది పొర ఒక్క వేలుతోని తీస్తే బతుకుతుండె. చూడి గుర్రానికి బందమేసి ఈనిపిచ్చిన ఇల్లు ఇదే సూస్తున్న" అన్నాడు. నా కాళ్లు చూపిస్తే, చల్లని బురదలో నిలబడితే నరాలు పట్టేస్తాయి అన్నాడు. మరి ఈ అచ్చులేమిటి అంటే సంచి సర్దుకున్నాడు. దవాఖానలో చూపించుకుంటే ఒరుసుకుపోయిందని మందు రాశారు. ఎరుపు నలుపైంది కానీ పోలేదు. ఇప్పటికీ ఉంది.

నర్సవ్వ మాత్రం, "నీ మొగుడే. నీకు తెల్వాలనే పట్టిండు" అంటుంది. లస్మి ఆ గట్టు మీది నుంచి పొలానికి రావడం మానేసింది. సాయిలు నాతో మాట్లాడడు.

నేను ఒప్పుకోను. గంగారాం నన్ను కొట్టాలంటే కొట్టి ఉండేవాడు. ఆ పిల్ల కోసం నాతో అబద్ధం చెప్పిన మనిషి, ఇనుప వైరు చేత్తో సాపు చేసిన మనిషి, నాకు బుద్ధి చెప్పడానికి ఆ పిల్లను చావనిస్తాడా? నన్ను ఆ అరగంట వదిలి ఉంటే నేను అందుకునేదాన్ని. అది ఆయనకు తెలియదా? మరి కాళ్లు పట్టింది ఆయన కాకపోతే, రోజూ వచ్చి బందం విప్పింది ఎవరు? ఇద్దరు వచ్చారా? వస్తే, నేను పొమ్మని తిట్టిన రోజు పోయింది ఎవరు, ఉండిపోయింది ఎవరు? ఎన్నిసార్లు తిప్పి చూసినా నాకు తెగడం లేదు.

మోతి నా దగ్గరే ఉంది. పెళ్లిళ్లకు పంపడం లేదు. దానికి తాడు వేయడం లేదు. పొద్దున నేను కొట్టంలోకి పోతే అది నా చేతిలో శనగలు చూడదు, మొహం చూడదు. తల వంచి, మూతి నా చీలమండల దగ్గర పెట్టి, ఆ నల్లమచ్చల మీద కాసేపు ఊపిరి వదులుతుంది. నాకదు, కరవదు. నేను కదలకుండా నిలబడతాను. అది తల ఎత్తిన తర్వాతే నా కాళ్లు కదులుతాయి.

ఎందుకట్లా చేస్తుందో నాకు తెలియదు. చెప్పడానికి దానికి నోరు లేదు. అడగడానికి నాకు మొహం లేదు.